ర్యాంకు వచ్చింది, మాట చెల్లడం లేదు

ప్రశ్న: నమస్తే సార్. నేను సైన్యంలో చేరి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. మా కంపెనీలో ఒకేసారి చాలా ఖాళీలు పడ్డాయి. కోర్సు పాసై ఉన్నానని అయిదు నెలల క్రితం నన్ను సెక్షన్ కమాండర్‌ని చేశారు. నా కింద తొమ్మిది మంది. వాళ్లలో ఇద్దరు నా బ్యాచ్‌మేట్లు. ఇంకొకాయన పదేళ్ల సర్వీసున్న సీనియర్. చేరిన కొత్తలో నాకు లైట్ మెషిన్‌గన్ విప్పడం, బిగించడం నేర్పింది ఆయనే. ఆరోగ్యం బాగాలేక రెండుసార్లు కోర్సుకు వెళ్లలేకపోయారు, అలా ప్రమోషన్ తప్పిపోయింది. నేను ఏదైనా చెబితే ఎదురు చెప్పరు. ‘అలాగే సార్’ అంటారు. కానీ ఆ ‘సార్’ అనే తీరుకే మిగతావాళ్లు నవ్వు ఆపుకుంటారు. నేను ఆర్డరిస్తే అందరూ ముందు ఆయన మొహం చూసి, ఆ తర్వాత కదులుతారు. బ్యాచ్‌మేట్లు ఇప్పటికీ అందరి ముందూ ‘ఏరా’ అనే పిలుస్తున్నారు. మొన్న కొత్త కుర్రాడొకడు, గన్ ఎటు, ఎంత దూరం కాల్చాలో గీసి పెట్టే రేంజ్ కార్డ్ ఎలా వేయాలో చూపించమన్నాడు. నాకు సరిగ్గా గుర్తు రాక ‘తర్వాత చూద్దాం’ అని తప్పించుకున్నాను. మా సెక్షన్ల పైన ఉండే ప్లటూన్ కమాండర్ కూడా కొత్తే, ఆయన పనులే ఆయనకు సరిపోతున్నాయి. ఎవర్ని అడగాలో తెలియడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇకనుంచి గట్టిగా ఉంటే దారికొస్తారా? ఆ సీనియర్‌ని వేరే సెక్షన్‌కి పంపమని అడగనా? లేక ఈ ర్యాంకే వద్దని చెప్పేయనా?
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: మూడు ప్రశ్నలకూ జవాబు ముందే చెప్పేస్తాను. గట్టిగా అరిస్తే దారికి రారు. సీనియర్‌ని పంపించమని అడగకండి. ర్యాంకు వదులుకోకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ సీనియర్ గురించే ఉంది. నాకు మాత్రం ‘ఎవర్ని అడగాలో తెలియడం లేదు’ అన్న చిన్న వాక్యమే అసలు జబ్బులా కనిపిస్తోంది. మిగతావన్నీ దాని లక్షణాలు. జూనియర్ లీడర్లకు శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలం గడిపినవాణ్ని కాబట్టి ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను.

ప్రమోషన్ నిదానంగా వచ్చే రోజుల్లో ఆ నిదానానికి అందరూ విసుక్కునేవాళ్లు. కానీ ఆ ఏళ్లు ఊరికే పోయేవి కావు. ఒక మనిషి సెక్షన్ కమాండర్ అయ్యేలోపు ముగ్గురు నలుగురు కమాండర్ల కింద పనిచేసేవాడు. వాళ్లలో ఒకరు మంచివాడు, ఒకరు నోటిదురుసు, ఒకరు పని దొంగ. ముగ్గురి దగ్గరా ఏదో ఒకటి నేర్చుకునేవాడు. రెండో స్థానంలో ఉండి డ్యూటీ చార్టులు రాసేవాడు, మందుగుండు లెక్క చూసేవాడు, రాత్రి నడకలో వెనక నుంచి అందరూ వస్తున్నారో లేదో లెక్కపెట్టేవాడు. తప్పు చేస్తే పైవాడు పక్కకి పిలిచి తిట్టేవాడు. ఆ తిట్టు నలుగురికీ తెలిసేది కాదు. మీకు పోయింది ఆ చాటు. నేర్చుకోవాల్సిన తప్పులు ఇప్పుడు మీరు తొమ్మిది మంది కళ్లెదుట చేయాల్సి వస్తోంది. వయసు తక్కువ కావడం మీ ఇబ్బంది కాదు.

ఇంకో సంగతి చూడండి. ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్ వచ్చి ప్లటూన్ చేతిలోకి తీసుకుంటే ఎవరూ వింతగా చూడరు. అతని కింద పదిహేనేళ్ల సర్వీసున్న వాళ్లుంటారు, అయినా పని నడిచిపోతుంది. ఎందుకంటే ఆ తేడా ఉంటుందని సైన్యాలకు ముందే తెలుసు. దానికి తగ్గ ఏర్పాటు చేసి పెట్టుకున్నాయి. ఆ కుర్ర ఆఫీసర్ పక్కన ఒక అనుభవజ్ఞుణ్ని నిలబెడతాయి. ఆ పెద్దాయన పనుల్లో కొత్త ఆఫీసర్‌ని తయారు చేయడం కూడా ఒకటి. పైగా ఆఫీసర్ వేరే చోట ఉంటాడు, వేరే చోట తింటాడు. అతను బూట్లు పాలిష్ చేయలేదని తిట్లు తిన్న రోజు వీళ్లెవరూ చూడలేదు. మీ విషయంలో ఇవేవీ లేవు. పక్కన ఎవర్నీ నిలబెట్టలేదు. నిన్నటి వరకూ పక్క మంచం మీద పడుకున్నవాళ్లకే ఇవాళ మీరు కమాండర్. కాబట్టి అంతా మీ చేతకానితనమే అనుకుని కుమిలిపోకండి. ఏర్పాటులోనే ఒక మెట్టు లేదు. ఆ మెట్టు మీరే కట్టుకోవాలి, అంతే.

మీకు జరిగింది ఎప్పుడూ ఎక్కడా జరగనిది కాదు. 1967లో అమెరికా సైన్యం సరిగ్గా ఇదే ఇరకాటంలో పడింది. వియత్నాంకి వెళ్లిన సైనికుడు సాధారణంగా ఏడాది ఉండి వెనక్కి వచ్చేసేవాడు. అనుభవమున్న సార్జెంట్లలో కొందరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు, మిగతావాళ్లు గడువు తీరి తిరిగొచ్చారు. చిన్న దళాలను నడిపేవాళ్లు దొరక్కుండా పోయారు. పాత పద్ధతిలో సార్జెంట్ తయారవడానికి ఏళ్లు పట్టేది, అంత సమయం లేదు. అందుకని జార్జియా రాష్ట్రంలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో ఒక కోర్సు పెట్టి, కొత్తగా చేరినవాళ్లలో చురుకైనవాళ్లను ఏరి, అయిదు నెలలు కాస్త అటూఇటూగా సార్జెంట్లను చేసేశారు. బాగా రాణించిన కొద్దిమందికి ఇంకో ర్యాంకు కూడా పైన ఇచ్చారు. ఏళ్ల తరబడి చెమటోడ్చి ఆ ర్యాంకు పట్టీలు సంపాదించుకున్న పాతవాళ్లకి ఒళ్లు మండింది. చిటికెలో వంట ముగించే ఒక ప్యాకెట్ పేరు పెట్టి ఈ కొత్తవాళ్లని ‘షేక్ అండ్ బేక్’ సార్జెంట్లని వెక్కిరించారు. మీకు వినబడే ఆ ‘సార్’ లాంటిదే అదీ.

ఆ కోర్సులో నాకు నచ్చిన భాగం రెండోది. మొదటి 12 వారాలు పాఠాలు, కసరత్తు, మ్యాపు, రేడియో, గస్తీ. నేర్పేవాళ్లలో చాలామంది వియత్నాం చూసి వచ్చినవాళ్లే. ఆ తర్వాత నేరుగా యుద్ధానికి పంపలేదు. ఇంకో రెండు నెలలకు పైగా, శిక్షణ కేంద్రాల్లో కొత్త రిక్రూట్ల మీద నాయకత్వం చేయించారు. పక్కన అనుభవమున్నవాళ్లు ఉండేవాళ్లు. అంటే మీకు దొరకని ఆ చాటు వాళ్లకి కృత్రిమంగానైనా కొంత కల్పించారన్నమాట. యుద్ధరంగంలో వాళ్లలో చాలామంది బాగానే నిలబడ్డారు. మ్యాపు చదవగలడు, ఫిరంగి సాయం సరైన చోటికి పిలవగలడు, మనల్ని ప్రాణాలతో వెనక్కి తెస్తాడు అని తేలాక, పట్టీలు ఎన్నేళ్లలో వచ్చాయని అడిగేవాడు ఉండడు కదా.

పాతవాళ్ల కోపం మొత్తం అసూయే అనడం కూడా సరికాదు. మనిషి మొహం చూసి వాడు ఇవాళ ఇంటి నుంచి చెడ్డ కబురు విన్నాడని పట్టుకోవడం, పది రోజులుగా నిద్రలేని దళాన్ని పదకొండో రోజు నడిపించడం, ఇవి ఏ కోర్సులోనూ రావు. అది వాళ్లకి తెలుసు. సైన్యానికీ అర్థమైంది. 1971లో అమెరికా సైన్యం సార్జెంట్ల కోసం అంచెలంచెల విద్యా వ్యవస్థ మొదలుపెట్టింది. 2016 నుంచి ముందు కోర్సు, తర్వాతే ర్యాంకు అనే నియమం కూడా పెట్టుకుంది. మనుషుల కొరత వచ్చినప్పుడల్లా ఇలాంటి నియమాల మీద ఒత్తిడి పడుతూనే ఉంటుంది. ఖాళీలు నింపడం ఇవాళే కనిపించే లెక్క. నేర్పేవాడు లేకపోవడం వల్ల జరిగే నష్టం నాలుగేళ్ల తర్వాతగానీ కనిపించదు.

ఇక మీ మొదటి ప్రశ్న, గట్టిగా ఉండటం. 1959లో ఫ్రెంచ్, రావెన్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఒకరి మాట ఇంకొకరి మీద ఎందుకు పనిచేస్తుందో అయిదు కారణాలుగా విడదీసి చెప్పారు. పదవి, మేలు చేయగలగడం, శిక్షించగలగడం, పని తెలిసి ఉండటం, మనిషి మీద ఉండే గౌరవం. మొదటి మూడూ మీకు ఆర్డర్ కాగితంతోపాటు వచ్చేశాయి. చివరి రెండూ ఇంకా ఆ సీనియర్ దగ్గరే ఉన్నాయి. అందుకే అందరూ ముందు ఆయన మొహం చూస్తున్నారు. మీరు గొంతు పెంచారనుకోండి, ఉన్న మూడింటినే ఇంకా ఎక్కువ వాడినట్టు. లేని రెండూ అలా రావు. పైగా నిన్నటిదాకా నవ్వుతూ తిరిగినవాడు ఒక్క రాత్రిలో చండశాసనుడైతే, వీడు భయపడుతున్నాడని ఇరవై ఏళ్ల కుర్రాడికి కూడా తెలిసిపోతుంది.

అలాగని మెత్తగా ఉండమనడం లేదు. రెండు మూడు విషయాల్లో కొండలా ఉండండి. ఆయుధాల భద్రత, టైము, సెంట్రీ డ్యూటీ అంటే కాపలా. వీటిలో మినహాయింపు ఎవరికీ లేదు, మీకు అసలే లేదు. మిగతా చిన్న చిన్న వాటిని కొంతకాలం చూసీ చూడనట్టు వదిలేసినా కొంపలేం మునగవు.

సెంట్రీ డ్యూటీ అన్నాను కాబట్టి అక్కడే ఒక నిమిషం ఆగుదాం. కొత్త కమాండర్ ఎలాంటివాడో సెక్షన్ మొదట చదివేది డ్యూటీ చార్టులోనే. రాత్రి రెండు నుంచి నాలుగు వరకూ ఉండే షిఫ్టు ఎవరికీ ఇష్టం ఉండదు. ముందూ నిద్ర ఉండదు, వెనకా నిద్ర ఉండదు. మీ చార్టు తీసి చూడండి. ఆ షిఫ్టులో మీ బ్యాచ్‌మేట్ల పేర్లు ఎన్నిసార్లు ఉన్నాయి? కొత్త కుర్రాళ్ల పేర్లు ఎన్నిసార్లు ఉన్నాయి? మీకు తెలియకుండానే స్నేహితులకి పది నుంచి పన్నెండు, కుర్రాళ్లకి రెండు నుంచి నాలుగు పడుతూ ఉంటే, మీరు ఎన్ని ఉపన్యాసాలిచ్చినా లాభం లేదు. వరసగా తిరిగే చార్టు వేసి అందరికీ కనపడేలా అంటించండి. వారంలో కొన్ని రాత్రులు ఆ రెండు గంటల షిఫ్టు మధ్యలో లేచి వెళ్లండి. తప్పు పట్టుకోవడానికని వెళ్లకండి. కాసేపు నిలబడి, ఎదురుగా ఏం కనిపిస్తోంది, ఏ శబ్దం వచ్చింది అని అడిగి, వాడు చెప్పింది విని రండి. ‘నిన్న రాత్రి వచ్చాడు’ అన్న కబురు పొద్దున్న టీ లోపు తొమ్మిది మందికీ చేరిపోతుంది.

వయసు తక్కువైనా మాట చెల్లుబాటు అవుతుందా అనే అనుమానం మీకుంటే, మేజర్ సోమ్‌నాథ్ శర్మని గుర్తు చేసుకోండి. 1942లో కమిషన్ పొందారు. అయిదేళ్లు దాటేసరికి మేజర్ హోదాలో కుమావోన్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్‌లో ఒక కంపెనీని నడుపుతున్నారు. 1947 నవంబరు 3న బడ్‌గామ్‌లో చనిపోయేనాటికి ఆయన వయసు 24. హాకీ ఆడుతూ గాయపడి ఎడమ చేతికి ప్లాస్టర్ ఉంది. ఆ చేత్తోనే తూటాల మ్యాగజైన్లు నింపి లైట్ మెషిన్‌గన్నర్లకి అందించారు. దేశపు మొదటి పరమవీర చక్ర ఆయనదే. ఆయనకి ర్యాంకు త్వరగా వచ్చిన మాట నిజమే. కానీ మధ్యలో బర్మా యుద్ధం ఉంది. ఖాళీలు పడి వచ్చిన మీ ర్యాంకుకీ దానికీ తేడా ఉంది, ఆ తేడా దాచుకోవద్దు. నేను చెప్పదలుచుకున్నది ఆ మ్యాగజైన్ల సంగతి. కంపెనీ కమాండర్ చేయాల్సిన పని కాదది. ఆ క్షణంలో అవసరమైన పని.

ఇప్పుడు ఆ సీనియర్ దగ్గరికి వద్దాం. ముందు ఆయన వైపు నుంచి చూడండి. తన చేతుల మీద నేర్చుకున్న కుర్రాడు తన మీదికి వచ్చాడు. అది కూడా తన తప్పేమీ లేకుండా. అయినా ఆయన మీ ఆర్డరు కాదనలేదు, పని ఆపలేదు. వంకర గొంతుతో ‘సార్’ అంటున్నారు, అంతే. ఇంతకంటే చాలా దారుణంగా ప్రవర్తించినవాళ్లను నేను చూశాను. ఈయన బాధపడుతున్న మనిషి. మిమ్మల్ని పడగొట్టాలని చూస్తున్న మనిషి కాదు.

ఆయనతో ఒంటరిగా మాట్లాడండి. ఆఫీసు గదిలో నిలబెట్టి కాదు. ఇద్దరూ కలిసి చేసే పనేదైనా పెట్టుకుని, ఆయుధాలు శుభ్రం చేసుకుంటూనో, స్టోరు లెక్క చూసుకుంటూనో మాట్లాడండి. ఒక్క జాగ్రత్త. ప్రమోషన్ వచ్చినందుకు క్షమాపణ చెప్పొద్దు. ‘అసలు ఇది మీకు రావాల్సిందన్నా’ అని మాత్రం అనకండి. ఆ క్షణానికి ఆయనకి బాగానే ఉంటుంది. రేపటి నుంచి మీరిచ్చే ప్రతి ఆర్డరూ అప్పు తెచ్చుకున్న ఆర్డరవుతుంది. ఇలా అనొచ్చు: ‘అన్నా, నాకు గన్ నేర్పింది నువ్వే. నేను ఎక్కడ తప్పుతున్నానో నాకంటే ముందు నీకే కనబడుతుంది. కనబడినప్పుడు నన్ను పక్కకి పిలిచి చెప్పు, వింటాను. నలుగురి ముందూ మాత్రం నా మాట నిలబెట్టు. నువ్వు నన్ను చూసి నవ్వితే ఆ కుర్రాళ్లు రేపు పనిమీద ఉన్నప్పుడు కూడా రెండు క్షణాలు ఆగి కదులుతారు. ఆ రెండు క్షణాలు ఎంత ఖరీదో నాకంటే నీకే బాగా తెలుసు.’

విడిగా ఉన్నప్పుడు ‘అన్నా’ అనండి, ఏమీ తక్కువైపోరు. ఫాలిన్‌లో, అంటే అందరూ వరసలో నిలబడినప్పుడు మాత్రం ర్యాంకుతో, పేరుతో. బ్యాచ్‌మేట్లకి కూడా ఇదే లెక్క. రాత్రి పడుకునే ముందు ‘ఏరా’ అనుకోండి, అది మీ ఇష్టం. యూనిఫాంలో, పనిలో, కుర్రాళ్ల ముందు అది కుదరదని ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్కసారి చెప్పండి. నవ్వుతూనే చెప్పండి గానీ స్పష్టంగా చెప్పండి. వాళ్లలో ఒకడు అలుగుతాడు. అలగనివ్వండి. పాత స్నేహం మొత్తం అలాగే ఉండాలి, కమాండూ కావాలి అంటే రెండూ దొరకవు.

సీనియర్‌కి మాటలే కాదు, చేతికి ఏదైనా ఇవ్వాలి. సెక్షన్‌లో గన్ శిక్షణ మొత్తం ఆయనకి అప్పగించండి. పేరుకి అప్పగించి పక్కన నిలబడి సరిదిద్దకండి, నిజంగానే వదిలేయండి. రెండో పని మీ ప్లటూన్ కమాండర్ దగ్గర. ఈయన కోర్సుకి మళ్లీ వెళ్లే అవకాశం ఉందా, వైద్యపరంగా అడ్డేమైనా మిగిలిందా అని కనుక్కోండి. మీరే ఆ కాగితం కదపండి. ఫలితం మీ చేతిలో లేదు, ప్రయత్నం మీ చేతిలో ఉంది. మీరు తన గురించి పైన మాట్లాడారని ఆయనకి తెలిసిన రోజున ఆ ‘సార్’లో వంకర చాలావరకు తగ్గుతుందని నా అంచనా.

ఇంత చేశాక కూడా ఆయన కావాలనే పని ఆలస్యం చేస్తే, మీరు చెప్పిన దానికి వ్యతిరేకంగా కుర్రాళ్లకి చెబితే, అప్పుడది బాధ కాదు, క్రమశిక్షణ వ్యవహారం. తారీఖు వేసి రాసిపెట్టుకోండి, ఒకసారి హెచ్చరించండి, రెండోసారి పైకి తీసుకెళ్లండి. ఆ దశ రాకముందే ఆయన్ని బదిలీ చేయించారనుకోండి, ‘తట్టుకోలేక పంపించేశాడు’ అన్న పేరు మీకే మిగులుతుంది. సెక్షన్‌లో పని తెలిసిన ఒకే ఒక్క మనిషినీ మీరే పోగొట్టుకున్నట్టవుతుంది.

ఇక రేంజ్ కార్డ్. గన్ ఉన్న చోటు, ఎడమ కుడి హద్దులు, ఎదురుగా కనిపించే గుర్తులు, ఒక్కోదానికి దూరం, దిక్కు. చీకటి పడినా, గన్నర్ మారినా కొత్తగా వచ్చినవాడు ఆ కాగితం చూసి కాల్చగలగాలి. అంత ముఖ్యమైన విషయం గురించి ఒక కుర్రాడు అడిగితే ‘తర్వాత చూద్దాం’ అనేశారు. మీకు గుర్తులేకపోవడం చిన్న సంగతి. కానీ వాడు ఇంకెప్పుడూ మిమ్మల్ని అడగకపోవడం మొదలయ్యేది ఇలాంటి చోటే. రేపే వాణ్ని పిలవండి. ‘మొన్న నువ్వడిగింది నాకు సరిగ్గా గుర్తులేదు, ఇవాళ ఇద్దరం నేర్చుకుందాం’ అని సీనియర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీరూ పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. సెక్షన్ మొత్తం చూసినా ఫర్వాలేదు. రెండు రోజుల తర్వాత మీరు సొంతంగా ఒకటి వేసి ఆయనకి చూపించి సరిచేయించుకోండి. ‘తెలీదు’ అనడం వల్ల ఎవరి పరువూ పోదు. వారం తర్వాత కూడా అదే విషయం ‘తెలీదు’ అంటే పోతుంది.

ప్రతి కసరత్తు అయ్యాక పావుగంట కూర్చునే అలవాటు ఒకటి పెట్టుకోండి. ఏం జరగాలనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మారుద్దాం. చాలా సైన్యాల్లో ‘ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ’ పేరుతో ఇది నడుస్తోంది. మీలాంటి కుర్ర కమాండర్‌కి దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. ఎందుకంటే ఇందులో మీరు పాఠం చెప్పక్కర్లేదు, ప్రశ్నలు అడిగితే చాలు. అనుభవం ఉన్నవాడు మాట్లాడతాడు, కొత్తవాడు వింటాడు, చివరి నిర్ణయం మీ నోటి నుంచి వస్తుంది. మొదట అందరికంటే జూనియర్ చేత మాట్లాడించండి. సీనియర్ మాట్లాడాక జూనియర్ నోరు తెరవడు. మీ పొరపాటు ఏదైనా ఉంటే వాళ్లు చెప్పేలోపు మీరే చెప్పేయండి, ఒక్క ముక్కలో. దాన్ని సాగదీసి సానుభూతి కోరొద్దు.

మరి మిమ్మల్ని ఎవరు చూసుకోవాలి? సీనియర్ మీకు పని నేర్పగలరు. కానీ ఆయనతో వచ్చే ఇబ్బందిని ఆయనతోనే చెప్పుకోలేరు కదా. దానికి మీ కమాండ్ వరసలో లేని మనిషి కావాలి. పక్క ప్లటూన్‌లోనో పక్క కంపెనీలోనో, ఒకటి రెండు ర్యాంకులు పైన, మీ రిపోర్టు రాయని మనిషి. అలాంటివాళ్లు ప్రతి బెటాలియన్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరకెళ్లి ‘నాకు గురువుగా ఉండండి’ అని అడిగితే ఇబ్బంది పడి నవ్వేస్తారు. ఒక ప్రశ్న తీసుకెళ్లండి. ‘రాత్రి నడకలో నా సెక్షన్ విడిపోతోంది, మీరైతే ఎవర్ని ఎక్కడ పెడతారు?’ చెప్పింది చేసి చూడండి. వారం తర్వాత వెళ్లి ఏమైందో చెప్పండి. చెప్పింది చేసి, మళ్లీ వచ్చి కబురు చెప్పే కుర్రాణ్ని ఏ పాతకాపూ వదులుకోడు. ఆయనకి కూడా అడిగేవాళ్లు తగ్గిపోయి చాలాకాలమై ఉంటుంది.

మీ కంపెనీలో ఖాళీలు చాలా పడ్డాయన్నారు. అంటే మీలాంటి కొత్త సెక్షన్ కమాండర్లు ఇంకొందరు ఉండాలి. వారానికోసారి కలిసి కూర్చోండి. మీ ప్లటూన్ కమాండర్‌ని కూడా మరీ అంత దూరం పెట్టకండి. ఆయనా కొత్తే, మీలాగే ఆయనకీ నిద్ర పడుతూ ఉండకపోవచ్చు. వచ్చే వారం పనుల్లో మీకు గట్టిగా తెలియనివి ఏవో రెండు మూడు ముందే రాసి ఆయన చేతిలో పెట్టండి. తెలియనివి దాచే సెక్షన్ కమాండర్ కంటే ముందే చెప్పేవాడే ఆయనకి కావాలి.

మీ కింద ఉన్న కుర్రాళ్ల గురించి కూడా ఒక మాట. వాళ్లకి మీరేం నేర్పగలరని భయపడుతున్నట్టున్నారు. మీ దగ్గర పాతవాళ్ల దగ్గర లేనిదొకటి ఉంది. కొత్తవాడు మొదటి ఏడాది ఎక్కడెక్కడ తడబడతాడో మీకింకా గుర్తుంది. బూటు ఎక్కడ కరుస్తుంది, బరువు ఎలా సర్దుకోవాలి, ఏ పరీక్షలో ఎందుకు తప్పుతారు, ఇవన్నీ మీరు చెప్పినంత బాగా పదేళ్ల సర్వీసున్నవాడు చెప్పలేకపోవచ్చు. ఆయనకవి మర్చిపోయిన కష్టాలు. అదే కుర్రాడు పెళ్లి గురించో, ఇంటి అప్పుల గురించో, సర్వీసు కొనసాగించాలా వద్దా అనో అడిగితే మాత్రం పెద్దమనిషి వేషం వేయకండి. తెలిసినవాళ్ల దగ్గరికి పంపండి, వెళ్లాడో లేదో కనుక్కోండి. అన్నీ మీరే చెప్పాలని ఎక్కడా లేదు.

మీ తర్వాతి స్థానంలో ఉండే సెకండ్-ఇన్-కమాండ్ ఎవరో మీరు రాయలేదు. ఎవరైనా సరే, ఇప్పటి నుంచే అతని చేత మీ పని చేయించండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వర్సాయ్ ఒప్పందం జర్మనీ సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. అందులో ప్రతి ఒక్కరికీ తన పైస్థాయి పని కూడా వచ్చేలా తయారు చేశారు. 1930ల్లో సైన్యం ఒక్కసారిగా విస్తరించినప్పుడు ఆ తయారీ అక్కరకొచ్చింది. ఆ సైన్యాన్ని తర్వాత ఎందుకు వాడారన్నది వేరే చరిత్ర. ఆ పద్ధతి మాత్రం ఎవరైనా తీసుకోదగ్గదే. నెలకి ఒక కసరత్తు అతను నడపాలి, మీరు అతని కింద నడవాలి. రేపు మీ కంపెనీలో ఇంకో ఖాళీ పడి అతన్ని హడావిడిగా పైకి లాగితే, అతను ఇలాంటి ఉత్తరం రాయాల్సిన అవసరం రాకూడదు.

ర్యాంకు వద్దని చెప్పేయనా అన్నారు. అయిదు నెలలకే ఆ మాట అనుకోవడం తొందర. అయితే ఒక్క చోట మాత్రం మొహమాటం పనికిరాదు. నిజమైన మందుగుండుతో ఫైరింగ్, చీకట్లో నీళ్లు దాటడం, పేలుడు పదార్థాలు, ఇలాంటి వాటిలో మీరు ఎప్పుడూ నడపనిది మీ మీద పడితే, ముందురోజే ప్లటూన్ కమాండర్ దగ్గరకెళ్లి ‘ఇది నేను సొంతంగా ఎప్పుడూ చేయించలేదు, పక్కన ఒకర్ని పెట్టండి’ అనండి. దానికి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మిగతా పనుల్లో తడబడినా ఎవరి ప్రాణం మీదికీ రాదు, మెల్లగా దారిలో పడతారు. నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే యూనిట్ డాక్టర్‌ని కలవండి. అదేమీ రికార్డుకి మచ్చ కాదు. నిద్ర లేని కమాండర్ ఫైరింగ్ రేంజ్‌లో ప్రమాదం.

వేరే ప్లటూన్‌కి మీరే మారే అవకాశం ఉందేమో మాత్రం ఒకసారి అడిగి చూడొచ్చు. ప్రమోషన్ వచ్చినవాణ్ని పాత సెక్షన్‌లో ఉంచకుండా వేరే చోటికి మార్చే అలవాటు చాలా సైన్యాల్లో ఉంది, దానికి కారణం మీరిప్పుడు పడుతున్న అవస్థే. కాకపోతే ముందు సీనియర్‌తో మాట్లాడండి, డ్యూటీ చార్టు మార్చండి, రేంజ్ కార్డ్ నేర్చుకోండి. ఆ తర్వాత కూడా మారాలనిపిస్తే అప్పుడు అడగండి. మారడం కుదిరినా కుదరకపోయినా, ఆయన కోర్సు కాగితం మాత్రం మీరు కదిలే లోపే పైకి పంపండి.